బెల్టు కింద తువ్వాలు ముక్క

దోహా, అల్ హిలాల్
6 అక్టోబరు 2024

రమీజక్కకు ఖాసీం సలాములు.

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మొన్న శుక్రవారమే ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఇదెందుకని అనుకుంటావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే నీ కోడలు స్పీకర్ పెడుతుంది. బావ మంచం మీద నుంచి వింటాడు, పక్కింటివాళ్ళు గోడ అవతల నుంచి వింటారు. ఇది అట్లా చెప్పే సంగతి కాదు. ఇక్కడ పనిచేసే మన ఊరి నాగూర్ సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. కవరు అంటించి, అంటించిన చోట సంతకం పెట్టాను. సంతకం చెదిరి ఉంటే నాగూర్ చదివినట్టు.

మా మేడం ఒక మహిళల సంఘానికి పెద్ద. ప్రతి అక్టోబరులో ఆ సంఘం వాళ్ళు రొమ్ము క్యాన్సర్ గురించి ఊరంతా తిరిగి చెబుతారు. ఈ నెలంతా ఆ సభలకు ఆమెను కారులో తిప్పడమే నా డ్యూటీ. కారు వెనక గులాబీ రంగు రిబ్బను బొమ్మ అంటించారు. డిక్కీ నిండా కాగితాలు. అరబ్బీ, ఇంగ్లీషు, ఉర్దూ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. సభ జరిగే హాల్లోకి మగవాళ్ళను రానివ్వరు కాబట్టి నేను పార్కింగ్‌లో కూర్చుని ఉర్దూ కాగితం చదివాను. ఉర్దూ అక్షరాలు ఇక్కడికి వచ్చాక అరబ్బీ సైన్ బోర్డులు చూసి నేర్చుకున్నవే.

చదువుతుంటే పెద్దక్క గుర్తొచ్చింది. "మా వీధిలో ఒకామెకు ఎదలో గడ్డ ఉందంట, ఏం రాయాలో కనుక్కోరా" అని నన్ను అడిగింది. వేడినీళ్ళ కాపడం పెట్టమని చెప్పాను. ఆ ఒకామె తానేనని మనకు తెలిసేసరికి ఏడాదిన్నర అయింది. డాక్టరు చూసి, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారని నన్నే అడిగాడు.

అందుకని ఆ కాగితం మొత్తం తెలుగులో రాశాను. నాలుగు సభలు పట్టింది. కొన్ని మాటలకు తెలుగు తెలియక మా మేడం ఇంట్లో పనిచేసే శ్యామలను అడిగాను. ఆమెది భీమవరం వైపు. నోటితో చెప్పలేక చీటీ మీద రాసి ఇచ్చింది. బొమ్మ కూడా స్కేలు పెట్టి గీశాను. చివర ఒక వాక్యం మాత్రం వదిలేశాను. ఈ జబ్బు మగవాళ్ళకు కూడా అరుదుగా వస్తుందని ఉంది. వేరే ఏదో కాగితంలోది పొరపాటున ఇందులో పడినట్టుంది. నీకు అవసరం లేదు.

నెలకొకసారి ఆ బొమ్మలో చూపినట్టు చూసుకో. బాగుందో లేదో ఒక్క మాట రాయి. సిగ్గుపడకు. పెద్దక్కను సిగ్గే తీసుకుపోయింది.

ఇక్కడ ఎండ ఇంకా తగ్గలేదు. పొద్దస్తమానం కార్లోనే. సీటు బెల్టు ఎడమ భుజం మీద నుంచి దిగి ఒకేచోట ఒరుసుకుంటోంది, అక్కడ కొంచెం గట్టిపడింది. పాత తువ్వాలు ముక్క కత్తిరించి బెల్టుకు చుట్టాను. ఇప్పుడు సుఖంగా ఉంది.

చదివాక చించెయ్యి.

నీ తమ్ముడు
ఖాసీం

*

లక్కిరెడ్డిపల్లె
25 అక్టోబరు

ఖాసీమూ,

నీ సంతకం చెదరలేదు. నాగూర్ నీకంటే సిగ్గరి. కవరు నా చేతిలో పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా పారిపోయినాడు. వానికేం చెప్పి పంపినావో.

మొదటి పేజీ చదివేసరికే నాకు చెమటలు పట్టినాయి. అక్కకు తమ్ముడు రాసే మాటలా అవి? తలుపు గడియ వేసుకొని చదివినాను. నీ కోడలు నీ కోడలు అంటావే, ఆ కోడలు "అత్తా, ఎవరన్నా పోయినారా" అని బయట నుంచి తలుపు కొట్టింది. నువ్వు గీసిన బొమ్మ మీ బావ కంట్లో పడింది. గుండ్రాలు, గుండ్రాల చుట్టూ బాణాలు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కువైట్లో కొత్తగా రోడ్డు వేస్తున్నారా, మీ తమ్ముడు దారి గీసి పంపినాడు" అన్నాడు. నువ్వు ఉండేది ఖతార్ అని ఏడేండ్లుగా చెప్తా ఉండాను. ఆయనకు అన్నీ కువైట్లే.

చించెయ్యమన్నావు, చించలేదు. నాలుగు సభలు పట్టి రాసినదాన్ని చించితే పాపం. బియ్యం డ్రమ్ములో పెట్టినాను. తరువాత శెనక్కాయలు వొలిచే కాడికి తీసుకొని పోయినాను. అక్కడ ఇరవైమంది ఆడోళ్ళం కూర్చుంటాం కదా, పొద్దు పోవాల. చదివి వినిపించినాను. మొదట నవ్వినారు. తరువాత ఎవరూ వొలవలేదు, వింటా ఉండిపోయినారు. రెండోసారి చదవమన్నారు.

అయితే ఒక సంగతి. ఇంత వివరంగా మగోడు రాసినాడంటే పక్కన ఎవరో ఆడమనిషి ఉందని తేల్చినారు. శ్యామల ఎవరు? మనోళ్ళేనా? నీ ఇంటిది పోయి ఆరేండ్లయింది, నేను కాదనను. ముందు నాకు చెప్పాల, అంతే.

నాకేమీ లేదు. ఉండదు. వచ్చే నెల ఆడోళ్ళను చూసేదానికి ఆసుపత్రి నర్సమ్మ వస్తుందంట, అందరూ పోతే నేనూ పోతా.

ఇంకొకటి. గట్టిపడింది అని రాసినావు. ఏది గట్టిపడింది, బెల్టా, ఎదనా? సరిగ్గా రాయి.

రమీజా

*

దోహా
17 నవంబరు

రమీజక్కకు,

సలాములు. ఉత్తరం నీకొక్కదానికి రాశాను. ఇరవైమందికి రాయాలనుకుంటే ఫోన్లోనే చెప్పేవాణ్ణి.

శ్యామలకు భర్త ఉన్నాడు, ఇద్దరు పిల్లలున్నారు. ఈ సంగతి శెనక్కాయల దగ్గర తప్పకుండా చదివి వినిపించు. నేను ఆమెను అమ్మా అని పిలుస్తాను. ఆమె నన్ను ఖాసీం గారూ అంటుంది.

గట్టిపడింది బెల్టు కాదు, ఛాతీ. బెల్టు మెత్తగానే ఉంది.

మొన్న శుక్రవారం సముద్రం ఒడ్డున సంఘం వాళ్ళు నడక పెట్టారు. వెయ్యిమంది దాకా వచ్చారు, అందరికీ గులాబీ టోపీలే. డ్రైవర్లకూ ఇచ్చారు. మేము పదిహేనుమందిమి టోపీలు పెట్టుకుని పార్కింగ్‌లో నిలబడ్డాం. మలబారు డ్రైవరు ఒకడు మమ్మల్ని చూసి, పెళ్ళి బ్యాండు వాళ్ళలా ఉన్నామన్నాడు. మైకులో మేడం మాటలు మాకు స్పష్టంగా వినిపించాయి. చిన్న గడ్డే కదా అని ఊరుకోకండి, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మీ ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే అసలే ఊరుకోకండి అని చెప్పింది. నీ గురించే చెబుతున్నట్టుంది. మా వాళ్ళందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

రిబ్బను పెట్టించుకోవడం తప్పనిసరి అన్నారు. చొక్కాకు పిన్ను పెట్టేటప్పుడు శ్యామల ఆగిపోయింది. "ఏంటండీ ఖాసీం గారూ, బనీనుకి ఈ మరకేంటండీ? తుప్పులా ఉంది."

"బెల్టు రంగు దిగుతోందమ్మా."

"బెల్టు నల్లది కదండీ, మరకేమో ఎర్రగా ఉందేంటండీ?"

ఆమెకు ఏదో ఒకటి అనడం అలవాటు. ఇంటికి వెళ్ళి నా పుస్తకం తీశాను. రోజూ ఎవరిని ఎక్కడికి తీసుకెళ్ళాను, ఎన్ని కిలోమీటర్లు అని రాసుకుంటానే, అది. పక్కన గడిలో బనీను మరక అని ఆగస్టు నుంచి ఏడుసార్లు ఉంది. ఏడుసార్లూ నేను కారు తుడవని రోజులే. కాబట్టి బెల్టు దుమ్మే. కొత్త తువ్వాలు ముక్క చుట్టాను.

నర్సమ్మ వచ్చిందా? నువ్వు వెళ్ళావా? ఆ ఒక్క మాట రాయమంటే బావ గురించి, కోడలి గురించి రాస్తావు.

ఖాసీం

*

లక్కిరెడ్డిపల్లె
6 డిసెంబరు

ఖాసీమూ,

ఇది అక్కడికి వస్తా ఉండే మన బాషా చేతికి ఇస్తున్నాను. వాని నోటి సంగతి నీకు తెలుసు. నీమాదిరి సంతకాలు పెడితే ఇంకా ఆశ పుట్టి చదువుతాడు. అందుకని అసలు సంగతి పేరు లేకుండా రాస్తాను. నువ్వు అర్థం చేసుకో.

నర్సమ్మ వచ్చింది. మా శెనక్కాయల గుంపు మొత్తం పోయినాం. పోయినసారి ఇదే నర్సమ్మ వస్తే ముగ్గురు పోయినారంట. ఈసారి ఇంతమందిని చూసి, "ఏమ్మా, ఏమన్నా పంచుతారని ఎవరైనా చెప్పినారా" అని అడిగింది. నీ కాగితం చూపించినాను. చదివి, ఇది రాసిన డాక్టరు ఎవరు అనింది. డ్రైవరు అని చెప్తే నమ్మలేదు. మా గుంపులో ఆంజనమ్మను తిరుపతి ఆసుపత్రికి పొమ్మని చీటీ రాసింది. మిగిలిన వాళ్ళ సంగతి, నా సంగతి తరువాత రాస్తా. ఇప్పుడు అది కాదు ముఖ్యం.

నాకు బాగా కావలసిన మనిషి ఒకరు ఉండారు. ఆ మనిషికి ఎదలో ఒకచోట గట్టిగా ఉంది. ఎన్నాళ్ళ నుంచో ఉంది. బట్టకు మరక కూడా అవుతోంది. అయినా ఆ మనిషి దానికి ఏదో ఒక సాకు చెప్తా ఉండారు. నర్సమ్మతో అంటే ఆమె ముఖం మారిపోయింది. ఇవి అడిగి తెలుసుకోమనింది. ఎంత ఉంది? కదుల్తుందా, కదలదా? నొప్పి ఉందా? ఎన్నాళ్ళయింది?

ఆ మనిషి ఎవరో నీకు తెలుసు. నీకంటే బాగా ఎవరికీ తెలియదు. జవాబు తొందరగా రాయి.

రమీజా

*

దోహా
19 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. నిన్న ఇక్కడ జాతీయ దినం. ఊరంతా జెండాలు కట్టుకుని తిరుగుతుంటే నేను కార్లో కూర్చుని నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఒకరు ఉన్నారు అంటావు. పెద్దక్క కూడా ఒకామె ఉంది అనే అడిగింది. ఆ రోజు అర్థం చేసుకోలేకపోయాను. ఈసారి నాకు అర్థమైంది అక్కా. నా దగ్గర దాచకు. నువ్వు చూపించుకున్నావు, ఏదో ఉందన్నారు, నువ్వు తిరుపతి వెళ్ళడం లేదు. అంతే కదా?

నేనెప్పుడూ ఏదీ అడగని వాణ్ణి మేడంను సెలవు అడిగాను. ఎందుకని అడిగితే అక్కకు ఇట్లా అని చెప్పాను. మేడం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఫిబ్రవరిలో వెళ్ళమంది. సాయంత్రం అల్ అజీజియాలో సంఘం వాళ్ళ విందు ఉంటే అక్కడ నా గురించి మాట్లాడిందట. మా డ్రైవరు పార్కింగ్‌లో కూర్చుని మన కాగితాన్ని తన భాషలోకి మార్చి అక్కకు పంపాడు, అందువల్ల ఆమె జబ్బు బయటపడింది అని చెప్పిందట. లోపల పెద్దగా చప్పట్లు వినిపించాయి. అవి నాకేనని శ్యామల తర్వాత చెప్పింది. ఆ సమయంలో నేను టైరులో గాలి చూస్తున్నాను.

నీకని ఒక పెట్టె ఇచ్చారు. గులాబీ రంగు శాలువా, కప్పు, ఖర్జూరాలు ఉన్నాయి. బాషా మళ్ళీ ఊరికి వచ్చేది ఆలస్యమైతే కొరియరులో పంపుతాను.

ఇక నీ ప్రశ్నలు. డాక్టరును కాను, అయినా నీ ధైర్యం కోసం రాస్తున్నాను. ప్రతి గట్టిదీ క్యాన్సర్ కాదు. నన్నే చూడు. నాకూ ఎడమవైపు, బెల్టు ఒరుసుకునే చోట, చింతగింజంత ఉంది. కదలదు. నొప్పి లేదు. పోయిన రంజాన్ నెల నుంచి ఉంది, అంటే తొమ్మిది నెలలు. ఈ మధ్య ఆ చోట చర్మం కొంచెం లోపలికి లాగినట్టయింది. నాకేమైంది? రోజుకు రెండువందల కిలోమీటర్లు నడుపుతున్నాను. నువ్వు భయపడకుండా వెళ్ళు. భయంతోనే సగంమంది ఆగిపోతారని కాగితంలోనే రాసి ఉంది.

తిరుపతి ఎప్పుడు వెళ్తున్నావో తేదీ రాయి.

ఖాసీం

*

లక్కిరెడ్డిపల్లె
4 జనవరి 2025

ఖాసీమూ,

నీ ఉత్తరం నర్సమ్మకు చూపించినాను. చింతగింజ కాడ నుంచి చర్మం లోపలికి లాగినంతవరకు గట్టిగా చదివింది. చదివినాక నీ సెల్ నంబరు అడిగింది. స్పీకర్ పెట్టి మాట్లాడే సంగతి కాదులే అని నేనే వద్దన్నాను. ఫోన్లో అడిగితే నువ్వు సరే అంటావు, పెట్టేస్తావు. నీ సంగతి నాకు తెలుసు.

తిరుపతి నేను పోను.

నీకూ ఉందన్నావు కదా. అది ఏమీ కాదన్నావు కదా. ఏమీ కాదని నువ్వు చెప్తే నేను నమ్మను, నువ్వు డ్రైవరువి. అక్కడ డాక్టరుకు చూపించి, ఏమీ కాదని కాగితం మీద రాయించి, సీలు వేయించి పంపు. అది నా చేతికి వచ్చిన రోజు నేను తిరుపతి బస్సు ఎక్కుతా. అంతవరకు నన్ను ఎవరూ కదిలించలేరు. నువ్వు ఫిబ్రవరిలో వచ్చి కాళ్ళు పట్టుకున్నా కదలను. కాగితం లేకుండా రావద్దు.

పెద్దక్క మీద ఒట్టు.

శాలువా బాగుంది. మా కోడలు కప్పుకొని తిరుగుతోంది.

రమీజా

*

దోహా
14 జనవరి

అక్కా,

ప్రాణం మీదికి వచ్చినా నీ మొండితనం పోదు. సరే. నీకోసం నిన్న హెల్త్ సెంటర్‌కు వెళ్ళాను. అక్కడి డాక్టరు చొక్కా విప్పించి చూసి, వెంటనే పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. ఏమీ కాదని ఒక్క వాక్యం రాసి సీలు వేయండి చాలు, మా అక్క బస్సెక్కాలి అని చెప్పాను. నా వైపు ఒకలా చూశాడు.

ఈ రోజు పొద్దున పెద్దాసుపత్రికి వెళ్ళాను. మేడంను, ఆమె స్నేహితులను ఇక్కడికి ఎన్నోసార్లు తెచ్చి దింపాను. రొమ్ము పరీక్షల విభాగం గేటు దగ్గర గార్డు కామ్రాన్ నాకు తెలిసినవాడే. నన్ను చూసి, "ఖాసీం భాయ్, లేడీస్ ఓన్లీ. పార్కింగ్ మే బైఠో" అన్నాడు. నేను వెళ్ళి కార్లో కూర్చున్నాను కూడా. పది నిమిషాల తర్వాత గుర్తొచ్చింది, నేనెవరినీ తీసుకురాలేదని.

మళ్ళీ వెళ్ళి చీటీ చూపించాను. కామ్రాన్ చీటీ చదివాడు, నన్ను చూశాడు, మళ్ళీ చదివాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల ఇరవైమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. గోడ మీద మా మేడం సంఘం వాళ్ళ కాగితమే పెద్దది చేసి అంటించారు. చదవడానికి వేరే ఏమీ లేదు కాబట్టి మళ్ళీ చదివాను. చివరి వాక్యం ఆ గోడ మీద కూడా ఉంది. అన్ని భాషల్లోనూ ఉంది.

ఒక ఫారం ఇచ్చారు. ఎన్ని కాన్పులు అన్న చోట సున్నా వేశాను. పిల్లలకు ఎన్నాళ్ళు పాలిచ్చారు అన్న చోట కూడా సున్నా వేశాను. ఏ గడినీ ఖాళీగా వదలడం నాకు అలవాటు లేదు. రక్తసంబంధంలో ఎవరికైనా వచ్చిందా అన్న చోట పెద్దక్క పేరు రాశాను. నీ పేరు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాయలేదు. రాస్తే నిజమవుతుందేమోనని.

సూదితో ముక్క తీశారు. కాగితం రెండు వారాల తర్వాత ఇస్తారట. ఈ ఉత్తరం అప్పటివరకు ఆపుతున్నాను, రెండూ కలిపి పంపుతాను.

28 జనవరి

కాగితం వచ్చింది. ఇందులో పెట్టాను. సీలు ఉంది. నువ్వడిగిన వాక్యం మాత్రం లేదు.

ఆ చివరి వాక్యం వేరే కాగితంలోది కాదు అక్కా.

ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావని ఈ డాక్టరు కూడా అడిగింది. బెల్టుకు తువ్వాలు ముక్క చుట్టానని చెప్పాను. ఆమె నవ్వలేదు. ఇంకా చేయి దాటిపోలేదు, ఆపరేషన్ త్వరగా చేయాలి అంది. ఫిబ్రవరి 13న.

నేను కాగితం పంపాను. అందులో ఏముందన్నది వేరే సంగతి. నువ్వు ఒట్టు పెట్టావు. బస్సెక్కు.

ఖాసీం

*

లక్కిరెడ్డిపల్లె
7 ఫిబ్రవరి

నాయనా ఖాసీమూ,

నీ కాగితం ఐదు దినాల కింద వచ్చింది, గడప మీద కూర్చొని చదివినాను. ఈ రోజు ఈ ఉత్తరం మొదలుపెట్టినాను. కొరియరు వాడు సాయంత్రం పోతాడంట.

నేను బస్సెక్కను. ఎక్కే పని లేదు. నాకేమీ లేదు. డిసెంబరులోనే నర్సమ్మ చూసింది, కడపలో స్కానింగు ఫోటో కూడా తీయించినారు, శుభ్రంగా ఉందన్నారు. ఆ "ఒకరు" నువ్వే. బాషా నోటికి భయపడి పేరు రాయలేదు. నువ్వు దాన్ని నామీదికి తిప్పుకున్నావు. నీ గడ్డ చూపించి నాకు ధైర్యం చెప్పినావు. ఆ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నీ కోసం చూపించుకో అంటే నువ్వు ఈ జన్మలో పోవు. నా కోసమైతే పోతావని తెలుసు. అందుకే మొండికేసినాను. ఒట్టు మాత్రం అబద్ధం కాదు. ఏమీ కాదని రాసిన కాగితం వస్తేనే బస్సెక్కుతా అన్నాను. అది రాలేదు కదా.

పెద్దక్క ఏం అనుకోదులే. మాట దాచి పోయిన మనిషి. మాట తిప్పి నిన్ను పంపినందుకు నన్నేమంటుంది?

సెలవని ఇక్కడికి పరిగెత్తి రావద్దు. ఆపరేషన్ అక్కడే చేయించుకో. ఆ డాక్టరమ్మ మాట విను. ఎడమచేత్తో బరువు ఎత్తవద్దు. నీ ఇంటిది ఉంటే ఆ బనీను మొదటిరోజే చూసి ఇల్లు ఎగరగొట్టేది. శ్యామలను తప్పుగా అనుకున్నాను, చూసింది ఆమె ఒక్కతే. నా సలాము చెప్పు.

నువ్వు నామీద కోప్పడే పని ఒకటి చేసినాను. ఫోన్లో స్పీకర్ పెట్టి, ఇల్లంతా వినేటట్టు, సెలవు ముగించుకొని అక్కడికొచ్చిన నాగూర్‌కు నీ సంగతి చెప్పినాను. గోడ అవతల వాళ్ళు కూడా వినాలని గట్టిగా చెప్పినాను. మీ బావ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "మగోళ్ళకు కూడానా?" అన్నాడు. ఆ రోడ్డు బొమ్మ యాడుందని అడిగి తీసుకున్నాడు. తలుపు గడియ వేసుకున్నాడు. అరగంట రాలేదు. బయటికి వచ్చి, "ఎడమవైపు బాణం ఎటు తిప్పాల?" అన్నాడు. ఈ వారంలో వీధిలో నలుగురు మగోళ్ళు వచ్చి ఆ బొమ్మ అడిగి తీసుకొనిపోయి మళ్ళా తెచ్చిచ్చినారు. ఒకడు కూడా ఎందుకో చెప్పలేదు. ఆంజనమ్మ గడ్డ మామూలుదేనంట, తీసేసినారు. ఇంటికొచ్చి నీకోసం కోడిగుడ్లు పెట్టి ఉంచింది, ఎట్లా పంపేదో తెలియక మేమే తిన్నాం.

నువ్వు వదిలేసిన వాక్యం నేనే ఆ కాగితం మీద రాసినాను. కింద కాదు, పైన, బొమ్మ కంటే ముందు.

ఆపరేషన్ అయిన రోజు ఫోన్ చెయ్. ఒక్క మాట చాలు. స్పీకర్ పెట్టను.

నీ అక్క
రమీజా

*

దోహా, అల్ హిలాల్
20 మార్చి

రమీజక్కకు,

సలాములు. ఫోన్లో ఒక్క మాట అడిగావు, ఒక్క మాటే చెప్పాను. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను. కుడిచేయి బాగానే ఉంది, రాయడానికి ఇబ్బంది లేదు.

నీ మీద కోపం వచ్చింది. మూడు రోజులు ఉంది. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు ఎక్కడా అబద్ధం రాయలేదు. నువ్వు రాయనిది నేనే రాసినట్టు చదువుకున్నాను.

గడ్డతోపాటు ఎడమవైపు మొత్తం తీసేశారు. చంక కింద కూడా కొంత తీశారు. ఇక మందు ఎక్కించాలి, ఆరుసార్లు. ఈ ఏడాది నాకు రంజాన్ ఉపవాసాలు లేవు. ఇఫ్తార్ వేళ శ్యామల నా గదికి గంజి పంపుతుంది. గంజి మీద ఒక ఖర్జూరం పెట్టి పంపుతుంది, నేను చిన్నబుచ్చుకోకూడదని.

మేడంకు సంగతి చెప్పింది శ్యామలే. నేను చెప్పేవాణ్ణి కాను. మేడం నన్ను పిలిచి హిందీలో చెప్పింది. "నాలుగేళ్ళుగా ఈ కాగితం నేనే పంచుతున్నాను ఖాసీం. చివరి వాక్యం నేనూ ఎప్పుడూ చదవలేదు." నేను, పర్వాలేదు మేడం, అక్షరాలు చిన్నవి అన్నాను. వచ్చే అక్టోబరుకు తెలుగు కాగితం కూడా వేస్తారట. నేను రాసిందే వేస్తామన్నారు. బొమ్మ మాత్రం మార్చమని చెప్పాను. బావ ఒప్పుకోడేమో.

డిసెంబరులో నాకు చప్పట్లు కొట్టిన వాళ్ళకు ఈ సంగతి చెప్పాలా అని మేడం అడిగింది. చెప్పండి అన్నాను. నేను ఇట్లా అంటానని నువ్వు అనుకుని ఉండవు. నేనూ అనుకోలేదు.

మొన్న 18న మొదటిసారి మందు ఎక్కించారు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి డ్రైవరు లేడు. డ్రైవరును నేనే కదా. మేడమే తాళాలు తీసుకుంది. ఆమెకు లైసెన్సు ఉందని ఏడేళ్ళలో నాకు తెలియదు. ముందు సీట్లో కూర్చోబోతే, వెనక కూర్చో, వాలడానికి వీలుగా ఉంటుంది అంది. ఆ కారులో నేను వెనక ఎప్పుడూ కూర్చోలేదు. కుడివైపు కూర్చున్నాను. అక్కడ బెల్టు కుడి భుజం మీద నుంచి దిగుతుంది, ఎడమ ఛాతీని తాకదు. మేడం రౌండబౌట్ దగ్గర ఇండికేటర్ వేయలేదు. రెండుచోట్ల వేయలేదు. ఆసుపత్రి గేటు దగ్గర కామ్రాన్ మమ్మల్ని చూసి ఎవరికి తలుపు తీయాలో తెలియక కారు రెండు తలుపులూ తీశాడు.

నీకు డాక్టరమ్మ చెప్పమన్నది ఒకటి ఉంది. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఇద్దరికి వచ్చింది కాబట్టి నువ్వు ఏటేటా చూపించుకోవాలి. డిసెంబరులో శుభ్రంగా ఉందంటే వచ్చే డిసెంబరుకు కూడా ఉందని కాదు. ఈసారి నాకు మొండికేసే పని పెట్టకు. నాకు నీ అంత తెలివి లేదు.

ఇంటికి వచ్చాక బెల్టుకు చుట్టిన తువ్వాలు ముక్క విప్పి పారేశాను. పుస్తకం తీశాను. 18 మార్చి, అల్ హిలాల్ నుంచి ఆసుపత్రి, రానుపోను ఇరవై రెండు కిలోమీటర్లు. ఎవరిని తీసుకెళ్ళింది అన్న గడి దగ్గర ఆగాను. ఏడేళ్ళలో ఆ గడిలో మేడం, ఆమె భర్త, పిల్లలు, అతిథులు అందరూ ఉన్నారు. ఖాసీం అని రాశాను.

ఇంకా ఐదుసార్లు వెళ్ళాలి. కింద ఐదు వరసలు గీసి పెట్టాను. తేదీలు, కిలోమీటర్లు ఖాళీగా ఉన్నాయి. పేరు మాత్రం ఐదింటిలోనూ ముందే రాసేశాను.

నీ తమ్ముడు
ఖాసీం